కరుంచ్‌లో 'రు' ఎక్కడిది?

"మా ఇంట్లోంచి ఒక మాట పోయిందండీ" అంది ఆవిడ, కుర్చీ అంచున కూర్చుని.

శకుంతలమ్మ చేతిలో ఫైలు మూయకుండానే అడిగింది. "పెండ్లి మాటనా? పిల్లగాడు ఏడ చేస్తుండు? అమెరికానా, అమీర్‌పేటనా?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. అది రెండు వేల సంవత్సరం, ఏప్రిల్ నెల. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర జిరాక్స్ షాపు పైనున్న 'వివరం డిటెక్టివ్ ఏజెన్సీ'కి వచ్చే పది కేసుల్లో తొమ్మిది సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకులవే. అబ్బాయి నిజంగా జావా రాస్తున్నాడా, జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ కింద టీ తాగుతున్నాడా అన్నది కనిపెట్టి చెప్పాలి. చెక్‌పోస్ట్ మీద అప్పటికి మెట్రో నీడ పడలేదు. ఇళ్ళ మధ్య ఇంకా పెద్ద పెద్ద బండరాళ్ళుండేవి. హోర్డింగుల మీద హీరోల పక్కన కొత్తగా డాట్ కామ్‌లు చేరాయి. పేరు వెనక డాట్ కామ్ తగిలించుకుంటే చాలు, ఇస్త్రీ బండి కూడా కంపెనీయే అనుకునే రోజులు.

శకుంతలమ్మది అసలు ఈ లైనే కాదు. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. ట్రంకు కాల్స్ కలిపి కలిపి, అవతలి మనిషి 'హలో' అన్న తీరుని బట్టి ఊరు చెప్పేసేది. వీధికో ఎస్టీడీ బూత్ వచ్చాక ఆమె చెవులకి పని తగ్గింది. ముందే రిటైర్మెంట్ తీసుకుని, ఆ చెవులతోనే ఈ ఏజెన్సీ పెట్టుకుంది. అసిస్టెంట్ నిహారిక ఎంసీఏ పూర్తి చేసి, రెజ్యూమెలు పంపిన కంపెనీల నుంచి ఫోన్ వస్తుందని ఎదురుచూస్తూ, ఈలోగా ఈ ఫోన్ ఎత్తుతోంది. మేడమ్ ఏ కేసు ఎలా తేల్చిందో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో స్టెప్పులుగా రాసుకుంటుంది. ఎప్పటికైనా ఆ బుర్రకి ఫ్లోచార్ట్ గియ్యాలని ఆమె ఆశ.

"పెళ్ళి కాదండీ. నిజంగానే మాట. అదిగో" అని ఆవిడ కిటికీలోంచి వేలు చూపించింది.

రోడ్డుకి అవతల పచ్చరంగు హోర్డింగు. స్టీలు డబ్బా బొమ్మ. దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు: సి, యు, ఆర్, ఆర్, యు, ఎన్, సి, హెచ్. కింద తెలుగులో, 'కరుంచ్ డాట్ కామ్. మీ సీటు దగ్గరికే ఇంటి భోజనం.'

"ఆ కరుంచ్ నేనే" అంది ఆవిడ. అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆవిడ పేరు కరుణాకుమారి. అరవై రెండేళ్ళు. గంజి పెట్టిన నేత చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యింది. మధురానగర్‌లో సొంతిల్లు. భర్త సెబాస్టియన్ ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ రికార్డిస్టు. పోయి మూడేళ్ళయింది.

"మాటలెలా పుడతాయన్నది నేను క్లాసులో చెప్పే పాఠం. ఆయనకి అది ఆట. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ కలిస్తే బ్రంచ్. రెండు మాటలు ఒకదాని తోక ఇంకోటి నోట్లో పెట్టుకోవడం అన్నమాట. కొన్ని వెనక నుంచి పుడతాయి. ఎడిట్ చేసేవాడు కాబట్టి ఎడిటర్ అనుకుంటాం కదా? కాదు, ముందు ఎడిటర్ పుట్టాడు. వాడు ఏదో ఒకటి చెయ్యాలి కదాని ఎడిట్ తర్వాత పుట్టింది."

"గిట్ల చెప్తే ఏ ఎడిటర్ నమ్మడు. మీరు కానియ్యండి" అంది శకుంతలమ్మ.

"కొన్ని తప్పు కోతతో పుడతాయి. హ్యాంబర్గర్ అనేది హ్యాంబర్గ్ అనే ఊరి పేరు మీద వచ్చింది. జనం దాన్ని హ్యామ్ ఒక ముక్క, బర్గర్ ఒక ముక్క అనుకుని కోసేశారు. ఇప్పుడు చూడండి, చీజ్‌బర్గర్, వెజ్‌బర్గర్. బర్గర్ అనే మాటే లేదు అసలు, చెవి చేసిన పొరపాటు అది." ఆవిడ కాస్త తేరుకుంది. పాఠం చెప్తుంటే మనిషి నిటారుగా అయిపోతోంది. "మేం కూడా ఇంట్లో మాటలు చేసేవాళ్ళం. ఉప్మా పెట్టిన రోజు ఆయన మొహం ఎలా ఉంటుందో దానికి 'ఉప్మూడ్' అని పేరు. నేను కట్టిచ్చే డబ్బాకి కరుంచ్. కరుణ చేసిన లంచ్. ఒక నోట్‌బుక్ నిండా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళవి."

"మరి ఎవరి మీద అనుమానం?"

ఆవిడ మెడలో సిలువని సర్దుకుంది. కింద జిరాక్స్ మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"మా తమ్ముడి కొడుకు బెన్సన్ నా దగ్గరే ఉండేవాడు. బంజారాహిల్స్‌లో వెబ్‌సైట్లు చేస్తాడు. నోట్‌బుక్ చదివావా అని అడిగాను. చదివానన్నాడు. పొమ్మన్నాను. యూసుఫ్‌గూడలో ఫ్రెండు రూముకి వెళ్ళిపోయాడు." ఒకసారి హోర్డింగు వైపు చూసింది. "తర్వాత ఆ కంపెనీకి ఫోన్ చేశాను. రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు. డబ్బింగ్ ఆర్టిస్టు మనోజ. మా ఆయనతో పదకొండేళ్ళు పనిచేసింది. అమ్మా, నా భయం అర్థమవుతోందా? ఆయన నన్ను బయట పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు. 'మా ఇంట్లో' అనేవాడు. అలాంటి మనిషి ఆ మాట బయట ఇంకొకామెకి చెప్పాడా? మేనల్లుడు దొంగ కాకపోతే, మొగుడు నావాడు కాదు. ఏది తేలినా నేను ఒకర్ని పోగొట్టుకుంటాను."

నిహారిక పెన్ను ఆగిపోయింది.

"సార్ గొంతు ఉన్న క్యాసెట్ ఏదన్న ఉందా ఇంట్ల?" అని అడిగింది శకుంతలమ్మ, సంబంధం లేనట్టు.

"అదే విచిత్రం. ఊళ్ళో అందరి గొంతులూ రికార్డు చేశాడు. ఆయనది ఒక్కటీ లేదు. పెళ్ళి ఫొటోలున్నాయి, గొంతే లేదు. ఎలా ఉండేదో ఈ మధ్య మర్చిపోతున్నాను కూడా."

శకుంతలమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని, హోర్డింగు మీది నంబర్ కొట్టి స్పీకర్ నొక్కింది.

"నమస్కారం. కరుంచ్ డాట్ కామ్‌కి స్వాగతం. ఈరోజు కరుంచ్, బెండకాయ వేపుడు" అంది మనోజ గొంతు.

శకుంతలమ్మ మూడుసార్లు చేసి విన్నది. తర్వాత కాగితం మీద ఒకే ఒక్క అక్షరం రాసి, చుట్టూ సున్నా చుట్టింది. 'రు'.

నిహారిక దాన్ని తన నోట్‌బుక్‌లో కూడా రాసుకుంది. ఎందుకో మాత్రం తెలీలేదు.

* * *

బెన్సన్‌ని బంజారాహిల్స్‌లో వాళ్ళ ఆఫీసు మెట్ల మీదే పట్టుకున్నారు. గడ్డం పెరిగింది. మూడు రోజులుగా ఒకే చొక్కా అని కాలర్ చెప్తోంది.

"అవునండీ, చదివాను. పన్నెండేళ్ళప్పుడు చికెన్ పాక్స్ వస్తే అత్త దగ్గరే పడుకున్నాను. బోర్ కొట్టి చదివాను. అత్త అడిగితే నిజం చెప్పాను. ఆ తర్వాత ఇంకేం అడగలేదు, సూట్‌కేస్ బయట పెట్టేసింది. అంతే."

"అబద్ధం చెప్పుంటే ఇంట్లనే ఉంటుంటివి కదా బిడ్డా."

"చదవలేదని ఎలా చెప్పనండీ? నాకు ఇంగ్లీషు మీద ఇష్టం పుట్టిందే ఆ నోట్‌బుక్ వల్ల. సెబాస్టియన్ మామయ్య చేతిరాత." ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "అత్త సరిగ్గా తింటోందా?"

"గది నువ్వే పోయి అడుగు. ఒక పని చెయ్. గా హోర్డింగు మీద మాట ఇంగ్లీషుల రాయి."

బెన్సన్ ఆలోచించకుండా రాసిచ్చాడు. కె, ఎ, ఆర్, యు, ఎన్, సి, హెచ్.

"హోర్డింగు రోజూ చూస్తున్నవు. స్పెల్లింగు తప్పు రాసినవ్" అంది శకుంతలమ్మ.

"నాది కరెక్టండీ. వాళ్ళదే తప్పు."

* * *

కరుంచ్ ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా వాళ్ళ బంగళాలో కింది అంతస్తు. యజమాని కమలాకర్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. డబ్బింగ్ థియేటర్ అతని నాన్నగారిదే. నాన్నగారు సినిమాలు తీసి సంపాదించింది కొడుకు డాట్ కామ్‌లో పెడుతున్నాడని ఫిల్మ్‌నగర్ క్యాంటీన్లో ఒక జోకు. హాల్లో ఒకప్పుడు షీల్డులు ఉన్న అద్దాల బీరువాలో ఇప్పుడు మోడెమ్‌లు ఉన్నాయి.

"నేమ్ కోసం స్టాఫ్ అందరికీ ఒక బాక్స్ పెట్టామండి. నలభై చీటీలొచ్చాయి. 'అన్నంఇన్‌బాక్స్' అని ఒకటి, 'ఇడ్లీ టు గో' అని ఒకటి. మా తిరుమలేశ్‌ది చూడగానే క్లిక్ అయింది. కర్రీ ప్లస్ లంచ్. సింపుల్!" అన్నాడు కమలాకర్, చిటికేసి.

"తిరుమలేశ్ ఏం చేస్తడు?"

"ఇప్పుడు క్రియేటివ్ హెడ్. అంతకుముందు మా థియేటర్‌లో ఉండేవాడు. నాన్నగారి పాత డబ్బింగ్ టేపులు ఫంగస్ పట్టిపోతుంటే అన్నీ సీడీల్లోకి ఎక్కించాడు. ఫోర్ మంత్స్ హెడ్‌ఫోన్స్ తియ్యలేదు పాపం."

"బెన్సన్ అని ఎవరన్న తెలుసా మీకు?"

"నో ఐడియా అండి."

శకుంతలమ్మ ఆ చీటీ చూపించమంది. కమలాకర్ దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టాడు. పైన తెలుగులో ఒత్తి ఒత్తి రాసి ఉంది, 'కరుంచ్'. దాని కింద ఇంగ్లీషులో మూడు వరసలు. సి, ఎ తో మొదలుపెట్టి ఒకటి, కొట్టేశాడు. కె, యు తో ఇంకోటి, కొట్టేశాడు. మూడోది హోర్డింగు మీద ఉన్నది. పక్కనే చిన్నగా, 'కర్రీ + లంచ్'.

శకుంతలమ్మ ఆ ఫ్రేము ముందు గుళ్ళో నిలబడ్డట్టు నిలబడింది. నిహారిక కూడా నిలబడి చూసింది. మూడు స్పెల్లింగులు తప్ప ఏమీ కనిపించలేదు.

"మేడమ్, ఇందులో బగ్ ఎక్కడుంది?" అంది మెట్లు దిగుతూ.

"బిడ్డా, నువ్వు కోడింగు చేసినప్పుడు పేరు ఎట్ల పెడతవు? రాసుకుంట పెడతవా, పెట్టినంక స్పెల్లింగు ఎతుక్కుంటవా?"

నిహారికకి అర్థం కాలేదు. అయినా స్టెప్ నాలుగు అని వేసి రాసుకుంది.

* * *

మనోజ ఫిల్మ్‌నగర్ థియేటర్ క్యాంటీన్లో వేడినీళ్ళు తాగుతూ దొరికింది. నలభై దాటింది కానీ గొంతు ఇంకా పద్దెనిమిదేళ్ళ హీరోయిన్‌దే. టీ పోస్తున్నాయన 'చక్కెర ఎంత' అని అడుగుతూ సిగ్గుపడుతున్నాడు.

"సెబాస్టియన్ గారా? అయ్యో, దేవుడండీ. ఒక్క శ్వాస ఎక్కువ పడినా రీటేక్."

"ఆయన డబ్బా మీరిద్దరు కలిసి తింటుండెనా?"

మనోజ పగలబడి నవ్వింది. "ఆయన డబ్బానా? పదకొండేళ్ళలో ఒక్క ముద్ద పెట్టలేదండీ! నేనే సిగ్గు విడిచి అడిగాను ఒకసారి, వాసనకి ఆగలేక. 'ఇది డబ్బింగ్ చెయ్యడానికి కుదరదమ్మా, ఒరిజినల్' అన్నారు. మూలకి తిరిగి కూర్చుని తినేవారు."

"కరుంచ్ అనే మాట ఆయన నోట విన్నరా?"

"ఎక్కడండీ? ఆ మాట నేను మొదట విన్నది మొన్న జనవరిలో. రికార్డింగుకి పిలిచి కాగితం ఇచ్చారు. నేను 'కరంచ్' అని చదివాను. లంచ్ కదా మరి. ఆ అబ్బాయి తిరుమలేశ్ ఒప్పుకోలేదు. 'రు' పలకాలి మేడమ్, 'రు' పలకాలి అని ఆరు టేకులు తీసుకున్నాడు. సెబాస్టియన్ గారి తర్వాత నన్నంత సతాయించింది ఆ అబ్బాయే."

"సెబాస్టియన్ సార్ పొద్దున ఏం చేస్తుండె, మీరు రాకముందు?"

"అందరికంటే ముందొచ్చి మైకులు చూసుకునేవారు. తలుపేసుకుని. బయట ఎర్రలైటు. ఆయన టెస్ట్ చేశాకే మాకు లోపలికి ఎంట్రీ."

శకుంతలమ్మ లేచింది. మొహంలో ఎప్పుడో ట్రంకు కాల్ కలిసినప్పటి వెలుగు. "నిహారికా, అందర్ని రేపు పదకొండింటికి గీ థియేటర్ల కూసోబెట్టాలె. టీచరమ్మని నేనే తోల్కొస్త."

* * *

పాత డబ్బింగ్ థియేటర్ అంటే నల్లటి తెర, గోడలకి చిల్లుల అట్టలు, ఏసీ కంటే పాతబడిన వాసన. కమలాకర్ సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం చేయి పైకెత్తి తిరుగుతున్నాడు. తిరుమలేశ్ తలుపు పక్కన నిలబడ్డాడు, సన్నగా, మెడలో హెడ్‌ఫోన్స్ గొలుసులా వేసుకుని. బెన్సన్ ఒక చివర, కరుణాకుమారి ఇంకో చివర. మధ్యలో మనోజ. ఆవిడ మనోజ వైపు చూడలేదు. బెన్సన్ ఆవిడ వైపు చూడటం మానలేదు.

శకుంతలమ్మ మైకు పక్కన నిలబడింది. మైకు ముట్టుకోలేదు.

"తిరుమలేశ్, గీ మూడు మాటలు చదువు నాయనా."

అతను చదివాడు. "లంచ్. బ్రంచ్. కరుంచ్."

"లంచ్‌ల 'లం' ఉంది. బ్రంచ్‌ల 'బ్రం' ఉంది. కర్రీ, లంచ్ కలిస్తే కర్రంచ్ కావాలె. లేకపోతే కరంచ్. కరుంచ్‌ల 'రు' ఎక్కడిది?"

"అంటే... సౌండు బాగుంటదని..."

"కర్రీల లేదు. లంచ్‌ల లేదు. నీ ఇంగ్లీషు స్పెల్లింగుల యు ఉన్నా, లంచ్ లెక్క 'రం' అనే పలకాలె. అయినా మనోజమ్మతోని ఆరు టేకులు చెప్పించినవు. గా 'రు' కరుణల ఉంది."

కరుణాకుమారి తల ఎత్తింది.

"ముందు బెన్సన్ సంగతి చెప్త. గీ పిల్లగాడు నోట్‌బుక్ చదివిండు. నిజమే. చదివినోడికి మాట కంటితోని అందుతది. అందుకే నేను రాయమంటే కె తోని రాసిండు. రోజూ హోర్డింగు చూస్తున్నా సరే, చెయ్యి మాత్రం నోట్‌బుక్ స్పెల్లింగే రాసింది. గీయన అమ్ముకున్నడంటే హోర్డింగు మీద కె ఉండాలె. ఇప్పుడు గోడ మీద చీటీ యాది చేసుకోండి. కర్రీని, లంచ్‌ని కలిపి మాట చేసినోనికి ఇంగ్లీషు అక్షరాలు ముందే చేతిల ఉంటయి. తిరుమలేశ్ చీటీల ముందు తెలుగు ఉంది, తర్వాత ఇంగ్లీషు కోసం మూడు సార్లు తడుముకున్నడు. అంటే మాట ముందు చెవిల పడ్డది. స్పెల్లింగు తర్వాత ఎతుక్కున్నడు."

నిహారికకి అప్పుడు వెలిగింది. మెట్ల మీద మేడమ్ అడిగిన ప్రశ్న ఇదే.

"చెవిలోకి ఎవరు చెప్పారు?" అంది కరుణాకుమారి. కళ్ళు మనోజ వైపు వెళ్ళాయి.

"ఆమె కాదు టీచరమ్మా. ఆమె 'కరంచ్' అనే చదివింది. తెలిసినోళ్ళు అట్ల చదవరు. పదకొండేండ్లు పక్కన కూసుంటే ఒక్క ముద్ద పెట్టలేదు మీ సారు, మాట ఏడ పెడతడు?"

మనోజ ఏదో అనబోయి ఆగి, తన కుర్చీ కరుణాకుమారికి కొంచెం దగ్గరగా జరుపుకుంది.

"ఎక్స్ఛేంజ్‌ల మేము పొద్దున రాంగనే టెస్ట్ కాల్ చేస్తుంటిమి" అంది శకుంతలమ్మ. "అందరు 'హలో, హలో' అంటరు. నేను నా బిడ్డ పేరు అంటుంటి. ఎవరు వింటరు? ఖాళీ లైను కదా. సెబాస్టియన్ సార్ గూడ రోజు పొద్దున తలుపేసుకుని గీ మైకు ముందు నిలబడ్డడు. ఒకటి రెండు మూడు అనలే. తనకి ఇష్టమైన మాట అన్నడు. క, ర, చ ఉన్న మాట. మైకు పగులుతదా, బుస్సుమంటదా తెల్వాలంటే అంతకంటే మంచి మాట ఉంటదా? టేపు తిరుగుతనే ఉంది. నాలుగు నెలలు గా టేపులన్ని విన్నది ఒక్కడే."

అందరూ తిరుమలేశ్ వైపు తిరిగారు.

అతను హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను దొంగతనం చేయాలని చేయలే మేడమ్. ప్రతి టేపు మొదట్ల సార్ గొంతు. 'ఈరోజు కరుంచ్, బీరకాయ. ఈరోజు కరుంచ్, దొండకాయ వేపుడు.' ఎనక రోజూ కూర పేరే. ఇగ నేను కర్రీ, లంచ్ అనుకున్న. ఏదో ఇంగ్లీషు మాట అనుకున్న. డిక్షనరీల చూస్తే లేదు. అయితే ఎవరిది కాదనుకున్న. పేరు అడిగితే చీటీల రాసిన. నాదే అన్నరు. కాదనలే." తల దించుకున్నాడు. "గది తప్పే."

"టీచరమ్మా, మీరు చెప్పిన బర్గర్ కథే గిది" అంది శకుంతలమ్మ. "మనిషి పేరుని కూర ముక్క అనుకుని కోసిండు. చెవి చేసిన పొరపాటు."

కరుణాకుమారి ఏమీ వినట్లేదు. "టేపుల్లో... ఆయన గొంతు ఉందా?" అంది.

"టెస్టు ముక్కలన్ని కట్ చేసి పారెయ్యమన్నరు మేడమ్" అన్నాడు తిరుమలేశ్. "నేను పారెయ్యలే. నాలుగు నెలలు రోజూ అదే గొంతు విని విని ఆయన నాకు సొంత మనిషి లెక్క అయిండు. అన్ని ఒక సీడీల దాచిన." బ్యాగులోంచి తీశాడు. సీడీ మీద స్కెచ్‌పెన్‌తో రాసి ఉంది: 'సార్'.

లైట్లు తగ్గించలేదు. అయినా అందరికీ థియేటర్ చీకటిగా అయినట్టనిపించింది. స్పీకర్లలో గరగరమని టేపు శబ్దం. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, నిద్రలేచి ఎంతో సేపు కానట్టు:

"మైక్ టెస్ట్. ఈరోజు కరుంచ్, వంకాయ పచ్చికారం."

గరగర.

"మైక్ టెస్ట్. ఈరోజు కరుంచ్, గోంగూర. మేడమ్ గారు ఉప్పు మరిచారు. చెప్పను."

కరుణాకుమారి చేత్తో నోరు మూసుకుంది. మనోజ ఆమె భుజం పట్టుకుంది. ఆవిడ తోసెయ్యలేదు.

కూరలు ఒక్కొక్కటే వచ్చాయి. అరటికాయ, పొట్లకాయ, క్రిస్మస్ మర్నాడు మిగిలిన కోడికూర. పదకొండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. కమలాకర్ సెల్‌ఫోన్ మోగితే కట్ చేసి, ఆపేసి, జేబులో పెట్టుకున్నాడు. చివర్లో గొంతు కాస్త మెత్తబడింది.

"మైక్ టెస్ట్. మా ఇంట్లో స్పాట్ వాల్యుయేషన్‌కి గుంటూరు పోయారు. ఈరోజు... అన్‌కరుంచ్. క్యాంటీన్ సాంబారు. మైకుకి కూడా ఆకలిగానే ఉంది."

సీడీ ఆగింది.

"అన్‌కరుంచ్!" అంది కరుణాకుమారి. కన్నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం లెక్చరర్‌ది. "నామవాచకానికి 'అన్' పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను ఈ మనిషికి! ఇది నోట్‌బుక్‌లో లేదు. నాకు చెప్పనే లేదు."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే బెన్సన్ వైపు తిరిగింది. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు.

"నిజం చెప్పినవాడిని బయట పెట్టాను కదరా" అంది.

"పర్లేదత్తా."

"పర్లేదేంటి? చొక్కా చూడు ఎలా ఉందో. రేపటి నుంచి డబ్బా ఎవరు కడతారనుకున్నావు?"

కమలాకర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, అయామ్ రియల్లీ సారీ. లీగల్‌గా ఏమైనా... మీకేం కావాలో చెప్పండి. పేరు మార్చమంటే మాత్రం చాలా కష్టం. సైట్ మొత్తం..."

కరుణాకుమారి కళ్ళద్దాలు పెట్టుకుంది. "మీ కర్రీ మీరే ఉంచుకోండి బాబూ. మీ లంచ్ కూడా. ఆ 'రు' మాత్రం నాది. హోర్డింగు మీద కొమ్ము తీసేయించండి. కరంచ్ అనుకోండి, ఏమైనా అనుకోండి. ఫోన్లో కూడా మనోజ గారి చేత మళ్ళీ చెప్పించండి." మనోజ వైపు తిరిగి, "మీరు మొదట్లో చదివిందే రైటమ్మా" అంది. తర్వాత తిరుమలేశ్‌ని పిలిచింది. "నువ్వు ఆదివారం మా ఇంటికి రా. ఆ నాలుగు నెలల్లో ఆయన ఇంకేమేం అన్నాడో చెప్పాలి నువ్వు."

"గోంగూర ఉప్పు సంగతి గూడనా మేడమ్?"

"అది ముందు చెప్పాలి."

* * *

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, చెక్‌పోస్ట్ దగ్గర పెయింటర్ నిచ్చెనేసి హోర్డింగెక్కాడు. ఏజెన్సీ కిటికీ దగ్గర శకుంతలమ్మ, నిహారిక టీ తాగుతూ చూశారు. అతను పచ్చరంగు డబ్బాలో బ్రష్ ముంచి, 'రు' పక్కనున్న కొమ్ముని నాలుగు దెబ్బల్లో కప్పేశాడు. పచ్చ పచ్చలో సరిగ్గా కలవలేదు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు, కొమ్ము ఉన్న చోటు తెలుస్తూనే ఉండేది. ఏడాది తిరిగేసరికి డాట్ కామ్‌లన్నీ వరసపెట్టి మూతపడ్డాయి. ఆ బోర్డు మీద ఇంకేదో సెల్‌ఫోన్ కంపెనీ వచ్చింది. నిహారికకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. కానీ అదంతా తర్వాత.

ఆరోజు మాత్రం కిటికీ కిందే, సిగ్నల్ దగ్గర బెన్సన్ బండి ఆగింది. కొత్త చొక్కా. హ్యాండిల్‌కి స్టీలు డబ్బా ఊగుతోంది.

"ఏందది, ఏలాడుతుంది?" అంది శకుంతలమ్మ, తెలిసీ.

"కరుంచ్, మేడమ్."

శకుంతలమ్మ కళ్ళు మూసుకుని, లైను కలిసిందో లేదో చూస్తున్నట్టు ఒక్క క్షణం విన్నది.

"'రు' మంచిగ పలికినవ్ బిడ్డా" అంది.